పెరటి తోటలో పురుగులు: మందు డబ్బా లేకుండా అదుపు చేయడం ఎలా?

(రచన: ఒక పూర్వ విద్యార్థి)



మన వసతి గృహం వెనుక బోరు మోటారు పక్కనున్న ఖాళీ స్థలంలో ఈ ఏడాది వంగ, బెండ, టమాట, మిరప, తోటకూర వేశారని, ప్రహరీ గోడ మీదికి బీర, కాకర తీగలు పాకించారని తెలిసి ఎంతో సంతోషించాను. సంపాదక వర్గం వారు ఈ సంచికకు ఏదైనా రాయమన్నారు. కవిత రాయడం నాకు చేతకాదు. వ్యవసాయ విస్తరణ పనిలో ఊరూరా తిరిగేవాడిని గనుక నాకు తెలిసిన పని గురించే రాస్తున్నాను. రైతులకు ఎకరాల లెక్కలో చెప్పేదాన్ని మీకు బకెట్ల లెక్కలో చెబుతాను, అంతే తేడా.

మొన్న ఫోనులో మీలో ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, వంకాయల్లో పురుగు పడింది. కొట్టుకెళ్లి ఏదైనా మందు తెచ్చి కొట్టమంటావా?" వద్దు అన్నాను. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయాలో ఫోనులో చెప్పేంత చిన్న సంగతి కాదు.

మందు డబ్బా ఎందుకు వద్దు?

2013 జూలైలో బీహార్ రాష్ట్రం సారణ్ జిల్లాలోని ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు కలిసి ఉందని పరీక్షల్లో తేలింది. ఆ మందును కూరగాయల మీద వాడరాదని మన దేశంలో 2005లోనే నిషేధించారు. అయినా పత్తి చేల కోసమని అది ఊళ్లలో దొరుకుతూనే ఉండేది. వందమందికి ఒకే వంటగదిలో వండే చోట, అరల్లో నూనె డబ్బాలు, ఫినాయిలు డబ్బాలు పక్కపక్కనే ఉండే చోట పురుగు మందు డబ్బా అడుగే పెట్టకూడదు. నా దృష్టిలో ఇదొక్క కారణమే చాలు. మిగతావన్నీ దీని తర్వాతే.

రెండో కారణం మీ ఇళ్లలోనే ఉంది. మీలో చాలామంది నాన్నలు, అన్నలు పత్తికీ మిరపకూ కూలికి మందు కొట్టడానికి వెళతారు. చేతులకు తొడుగు ఉండదు, ముఖానికి తువ్వాలు ఒక్కటే. సాయంత్రం ఇంటికొచ్చి తలనొప్పి, కళ్లు మసకలు అంటారు. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. మందు కొట్టి వచ్చిన మనిషికి చెమటలు, వాంతులు, నోటి వెంట చొంగ, కంటిపాప సూదిమొనంత చిన్నది కావడం కనబడితే అది ఎండ దెబ్బ కాదు, విషం ఎక్కిన గుర్తు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, వెంటనే 108కి ఫోను చేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ మందు డబ్బానో దాని మీది కాగితాన్నో కూడా తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరు గారికి సగం పని తేలికవుతుంది. ఈ ముక్క మాత్రం సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మకు తప్పక చెప్పండి.

మూడో కారణం పదో తరగతి జీవశాస్త్రంలో మీరు చదివే ప్రకృతి వరణమే. ఒక మడిలో వెయ్యి తెల్లదోమలు ఉన్నాయనుకుందాం. మందు కొడితే 990 చచ్చాయి. మిగిలిన పదీ ఎందుకు బతికాయి? ఆ విషాన్ని తట్టుకునే గుణం వాటి పుట్టుకలోనే ఉంది గనుక. వేసవి వేడిలో తెల్లదోమకు ఒక తరం గడవడానికి సుమారు మూడు వారాలు చాలు. తర్వాత పుట్టేవన్నీ ఆ పదింటి పిల్లలే. ఈసారి అదే మందు రెట్టింపు కొట్టాలి. 1990లలో పత్తి చేలల్లో శనగపచ్చ పురుగు విషయంలో జరిగింది ఇదే. 1997-98లో వరంగల్ జిల్లాలో అంతమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకోవడానికి కారణాల్లో పురుగు మందుల అప్పు ఒకటి.

పరీక్షలకు పనికొచ్చే మాట కూడా ఒకటి చెబుతాను. డి.డి.టి.కి పురుగుల్ని చంపే గుణం ఉందని కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1962లో అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' అనే పుస్తకంలో అదే డి.డి.టి. పక్షుల్ని ఎలా పొట్టనపెట్టుకుంటోందో రాసి ప్రపంచాన్ని ఆలోచింపజేసింది.

శత్రువు ఎవరు? మిత్రుడు ఎవరు?

తోటలో కనబడిన ప్రతి పురుగూ శత్రువు కాదు. మీ తోటలో మిత్రులు చాలా ఉన్నాయి, గుర్తుపట్టలేక మీరే వాటిని చెప్పు కింద నలిపేస్తుంటారు. ఎర్రటి డొప్ప మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు మీకందరికీ తెలుసు. దాని పిల్ల పురుగు ఎంతమందికి తెలుసు? అది చూడటానికి అచ్చం బుల్లి మొసలిలా, నల్లగా, ఒంటి మీద నారింజ రంగు మచ్చలతో ఉంటుంది. పేనుబంక పట్టిన చిక్కుడు తీగ మీద గబగబా తిరుగుతుంటుంది. "ఇదే తినేస్తోంది" అని దాన్ని చంపేస్తారు. నిజానికి అది తినేది పేనుబంకనే, రోజుకు పదుల సంఖ్యలో తింటుంది. సాలీడు, తూనీగ కూడా మన జట్టే. కొట్టు మందు పడితే ముందు చచ్చేది ఈ మిత్రులే. అందుకే మందు కొట్టిన వారం రోజులకు పేనుబంక మునుపటికంటే ఎక్కువగా వస్తుంది.

ఇంకో సంగతి. పేనుబంక ఉన్నచోట చీమల బారు ఉంటుంది. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలు వాటిని ఆవుల్ని కాసినట్లు కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. పందిరి గుంజకు ఒక జానెడు మేర ఆముదం పూసి చీమల దారి కట్టేస్తే సగం పని అయిపోతుంది. మిగిలిన పేనుబంకను గట్టిగా నీళ్లు చిమ్మితే రాలిపోతుంది. పొద్దున్నే మంచు తడి మీద పలచగా బూడిద చల్లినా సరే. ఇప్పుడు హాస్టల్లో గ్యాసు పొయ్యే గనుక బూడిద ఎక్కడిది అంటారేమో. ఊళ్లో కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు ఒక్కటైనా ఉండకపోదు, అడగండి.

కరివేప చెట్టు మీద పిట్ట రెట్టలా నల్లగా, తెల్లగా కనిపించే పురుగును చూశారా? పెద్దదైతే ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనుక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. అది అందమైన సీతాకోక చిలుక అయ్యే పురుగు. ఒకటి రెండింటిని మూతకు చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో రోజూ కరివేపాకు వేసి పెంచండి. రూపవిక్రియ పాఠం కళ్లముందే జరుగుతుంది.

ఏ మొక్కకు ఏ బాధ?

వంగకు అసలు శత్రువు మొవ్వనూ కాయనూ తొలిచే పురుగు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పురుగు మందులు దీనిమీద ఓడిపోవడానికి కారణం తెలిస్తే మిగతా అంతా తెలిసినట్లే. తల్లి రెక్కల పురుగు రాత్రి పూట ఆకుల అడుగున, లేత మొవ్వల దగ్గర గుడ్లు పెడుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో పిల్ల పురుగు బయటకొచ్చి కొద్దిసేపట్లోనే మొవ్వలోకో కాయలోకో దూరి, వెనుక తన విసర్జనతోనే తలుపు మూసుకుంటుంది. ఇక ఇంట్లో కూర్చున్న దొంగను వీధిలో కర్ర తిప్పి కొట్టినట్లే, పైన ఎంత విషం కొట్టినా లోపలి పురుగుకు తగలదు. విషమంతా కాయ మీద, తినేవాడి కడుపులో. సుమారు రెండు వారాలు లోపల తిని లావెక్కి, బయటకొచ్చి రాలిన ఆకుల్లోనో మట్టి మీది చెత్తలోనో గూడు కట్టుకుంటుంది. మొత్తం కథ ఒక నెల.

కాబట్టి దాన్ని పట్టుకోవలసిన చోట్లు రెండే: మొవ్వలో ఉన్నప్పుడు, చెత్తలో ఉన్నప్పుడు. మొక్క కొసలు వాడి తలవాల్చాయంటే లోపల పురుగు ఉన్నట్టే. వాడిన చోటుకు రెండు అంగుళాల కింద తుంచి, తోటలో పారేయకుండా, సబ్బు నీళ్ల డబ్బాలో వేయండి. చిల్లు కాయలూ అంతే. వాటిని ఏరి తోట గట్టున కుప్ప పోస్తే పురుగుకు మనమే అన్నం పెట్టి పెంచినట్లు. వారానికి రెండుసార్లు, అంటే బుధవారం, ఆదివారం, ఇద్దరు పిల్లలు అరగంట తిరిగితే మన పాతిక ముప్పై మొక్కలకు సరిపోతుంది. మొక్కల మొదళ్లలో రాలిన ఆకులు ఉంచకండి. తోటకు ఒక లింగాకర్షక బుట్ట పెట్టి, అందులోని ఎరను నెలకోసారి మారిస్తే మగ రెక్కల పురుగులు అందులో పడతాయి. ఈ ఒక్క పురుగు కోసమే బి.టి. వంగ తయారు చేశారు. దేశమంతటా వాదోపవాదాల తర్వాత 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని నిలుపుదల చేసింది. అంత రాద్ధాంతానికి కారణమైన పురుగు మీ చేతివేళ్లకు దొరుకుతుందంటే నమ్మకపోవచ్చు గానీ, పెరటి తోటలో నిజంగానే దొరుకుతుంది. ఐదెకరాల్లో అయితే ఇంత తేలిక కాదు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

బెండకు పచ్చదోమ, తెల్లదోమ. పచ్చదోమ రసం పీల్చితే ఆకు అంచులు పసుపుబారి పైకి ముడుచుకుంటాయి. తెల్లదోమ అంతకంటే ప్రమాదం, అది వైరస్‌ను మోసుకొస్తుంది. ఈనెలన్నీ పసుపు పచ్చగా వలలా కనబడిన బెండ మొక్కకు ఏ మందూ లేదు. జాలిపడకుండా పీకేయండి. ఒక్క మొక్క మీద జాలిపడితే వరసంతా పోతుంది. టమాటాలో ఆకు ముడతా ఇలాంటి వైరస్సే, తెచ్చేదీ తెల్లదోమే. దోమలకు పసుపు రంగు అంటే ప్రాణం. ఖాళీ డబ్బా రేకు గానీ అట్ట గానీ తీసుకుని పసుపు రంగు వేసి, ఆముదం పూసి, మొక్క ఎత్తున కర్రకు కట్టండి. దోమలు వచ్చి అంటుకుంటాయి. నాలుగైదు రోజులకోసారి తుడిచి మళ్లీ పూయాలి.

మిరపలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగులు, కిందికి ముడిస్తే నల్లి. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. తామర పురుగులకు పసుపు కంటే నీలం రంగు అట్ట బాగా పనిచేస్తుంది. 2021-22లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మిరప రైతుల్ని ముంచింది కొత్త రకం తామర పురుగే. అది పూలలో చేరి తింటుంది. మందు మీద మందు కొట్టి కూడా తోటలు పీకేసిన రైతులను నేను చూశాను.

బీర, కాకరలకు పండు ఈగ. పిందెను కుట్టి లోపల గుడ్లు పెడుతుంది, కాయ వంకర తిరిగి కుళ్లి రాలుతుంది. రాలినవి ఏరి రెండడుగుల లోతు గోతిలో పూడ్చాలి, పిందెలకు పాత నోటు పుస్తకాల కాగితంతో సంచి చుట్టాలి. తోటకూరకు ఏమీ చేయకండి. నెల తిరగకుండానే కోసేసే పంటకు వైద్యం దేనికి? చిల్లులు పడ్డ ఆకు తీసేసి మిగతాది వండుకోండి.

మునగ చెట్టు బోదె మీద పగటి పూట గుంపుగా చేరే గొంగళి పురుగుల్ని మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. వాటి వెంట్రుకలు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. పొడుగు చీపురుతో సబ్బు నీళ్ల బకెట్లోకి తోసేయండి.

వేప కషాయం

ఏరడం, తుంచడం, అట్టలు పెట్టడం చేశాక కూడా పురుగు మిగిలితేనే పిచికారీ. అందులో మొదటిది వేప గింజల కషాయం. పది లీటర్ల బకెట్‌కు అర కిలో వేప పప్పు కావాలి. ఎండిన గింజల పై పెంకు తీసి, లోపలి పప్పును బరకగా దంచి, పలుచటి గుడ్డలో మూటగట్టి, రెండు లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి మూటను బాగా పిసికి, వడకట్టి, మిగతా నీళ్లు కలిపి పది లీటర్లు చేయాలి. ఆకుకు అంటుకోవడానికి పది గ్రాముల బట్టల సబ్బు తురుము, లేదా కుంకుడుకాయ రసం కలపాలి. ఆ రోజుదారోజే వాడేయాలి, నిలవ ఉంచితే పనిచేయదు. స్ప్రేయరు లేకపోతే నీళ్ల సీసా మూతకు సూదితో చిల్లులు పెట్టి వాడుకోండి. ఆకు పైన కాదు, ఆకు అడుగున తడవాలి. పురుగులు ఉండేది అక్కడే.

ఎప్పుడు కొట్టాలి? సాయంత్రం. వేపలో పనిచేసే పదార్థం పేరు అజాడిరక్టిన్, అది ఎండకు త్వరగా విరిగిపోతుంది. బీర పూలు మాత్రం సాయంత్రమే విచ్చుకుంటాయి, వాటికి తగలకుండా చూడండి. పూల మీదికి వచ్చే తేనెటీగలు లేకపోతే కాయే ఉండదు.

కొట్టిన మర్నాడే పురుగు బతికి ఉందని "వేప పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. వేప విషంలా అప్పటికప్పుడు చంపదు. ఆకు చేదెక్కి పురుగు తినడం మానేస్తుంది, తిన్న పిల్ల పురుగులు కుబుసం విడవలేక పెరగలేక పోతాయి. నాలుగు రోజులు ఆగి చూడాలి. వారం, పది రోజులకోసారి కొట్టాలి.

ఈ వేప సంగతి మన అవ్వలకు తెలియనిదా? ధాన్యంలో, పప్పుల్లో వేపాకు వేసి దాచడం వాళ్ల పద్ధతే. అయినా వేప నూనెతో బూజు తెగుళ్లను అదుపు చేసే పద్ధతి తమదేనని ఒక అమెరికా కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి ఐరోపాలో పేటెంటు పొందాయి. ఇది భారత రైతులకు ఎప్పటి నుంచో తెలుసునని వందనా శివ తదితరులు పోరాడితే 2000 మే నెలలో ఆ పేటెంటు రద్దయింది. అప్పీలు కూడా 2005 మార్చిలో వీగిపోయింది. చదువురాని మన ఇళ్ల ఆడవాళ్ల తెలివిని ఒక పేటెంటు కార్యాలయం లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది చూడండి!

ఖమ్మం జిల్లాలోని పునుకుల (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) గ్రామం 2004 నాటికే పురుగు మందులు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. అదీ పత్తి పండించే ఊరు. అక్కడ మహిళా సంఘాల వాళ్లు వేప గింజలు సేకరించి, పొడి పట్టి రైతులకు అమ్మారు. మందు కొట్టుకు పోయే డబ్బు ఊళ్లోనే కూలిగా మిగిలింది. నాకు ఆ ఊరి కథలో నచ్చేది ఇదే.

పచ్చిమిర్చి వెల్లుల్లి, ఇంకొన్ని

కాయ తొలిచే పురుగులు బెండకో టమాటాకో ఎక్కువైతే పది లీటర్లకు 300 గ్రాముల పచ్చిమిర్చి, 50 గ్రాముల వెల్లుల్లి మెత్తగా నూరి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సబ్బు కలిపి కొట్టవచ్చు. కొందరు కిరసనాయిలు కలుపుతారు, తినే కూరగాయల మీద దాని అవసరం లేదు. కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలికి ఎదురుగా నిలబడకుండా కొట్టండి. చిన్న తరగతుల పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. బూజు తెగుళ్లకు బాగా పులిసిన మజ్జిగ: పది లీటర్లకు ఆరు వందల మిల్లీలీటర్లు.

సేంద్రియం అన్నంత మాత్రాన అన్నీ మంచివనుకోవద్దు. పొగాకు కషాయం, ఉమ్మెత్త ఆకుల కషాయం కూడా కొన్ని పుస్తకాల్లో ఉంటాయి. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్లే విషం, ఉమ్మెత్త సంగతి సరేసరి. హాస్టల్లో ఆ రెండూ చేయకండి. ఏది కొట్టాలన్నా ముందు కాయలు కోసుకుని ఆ తర్వాత కొట్టండి. వంటకు ఇచ్చేముందు రెండు నీళ్లు కడగండి. కషాయం బకెట్ మీద పెద్ద అక్షరాలతో రాసి, దాన్ని స్నానాలకు గానీ వంటగదికి గానీ వాడకుండా వేరుగా ఉంచండి.

చివరగా మట్టి. యూరియా గుప్పెళ్లతో వేస్తే ఆకు లేతగా, ముదురాకుపచ్చగా ఎదిగి పేనుబంకకు, దోమకు విందు భోజనమవుతుంది. పశువుల ఎరువు, వంటగది కూరగాయ తొక్కల కంపోస్టు, దుక్కిలో వేప పిండి చాలు. వంగ, టమాట, మిరప ఒకే కుటుంబం గనుక ఒకదాని తర్వాత ఒకటి అదే మడిలో వేయకండి. మధ్యలో గోరుచిక్కుడో ఆకుకూరో వేయండి. టమాట వరసల మధ్య బంతి మొక్కలు పెట్టండి. శనగపచ్చ పురుగు తల్లి ఆ పూల మీద గుడ్లు పెడుతుంది, మట్టిలోని నులిపురుగులూ తగ్గుతాయి, దసరాకు పూలూ మీవే.

వేప పండ్లు జూన్, జూలైలో రాలతాయి. అంటే మీరు సెలవులనుంచి తిరిగొచ్చే రోజులే. బడి దారిలో, చెరువు గట్టున రాలిన పండ్లు ఏరి, నీళ్లలో పిసికి గుజ్జు కడిగేసి, గింజల్ని నీడలో ఆరబెట్టండి. ఎండలో వేస్తే పస తగ్గుతుంది, తడితో మూటగడితే బూజు పట్టి పనికిరావు. బాగా ఆరాక గోనె సంచిలో పోసి గాలి తగిలే చోట వేలాడదీయండి, ప్లాస్టిక్ సంచి వద్దు. పెంకు తీస్తే బరువు సగానికి పైగా పోతుంది గనుక తోటకు ఏడాదికి పదిహేను ఇరవై కిలోల గింజలైనా కావాలి. తరగతికి రెండు కిలోల చొప్పున పంచుకుంటే వారం రోజుల పని.